ఏడు గడపల చిక్కుళ్లు

చుజియావులో ఎవరైనా గిన్నెలో కూర కాస్త తక్కువ వడ్డిస్తే, "ఏంటి, లింగ్‌షియన్ కాటా వేశావా" అంటారు. లింగ్‌షియన్ వింటుండగా కూడా అంటారు. ఆమె నొచ్చుకోదు. తన కాటా వేసి ఉంటే తక్కువా ఉండదు, ఎక్కువా ఉండదని సరిదిద్ది తన దారిన పోతుంది.

నింగ్‌బోకు పడమరగా, కొండల మధ్య ఇరుకు లోయలో ఉంది ఆ ఊరు. ఎటు చూసినా వెదురే. చలి తగ్గగానే నేలను చీల్చుకొచ్చే వెదురు మొలకలు తవ్వి అమ్ముకోవడమే ఊరికి ఆధారం. ఆ మొలకలు కొనే కేంద్రంలో లింగ్‌షియన్ ఇరవై ఏళ్లకు పైగా కాటా పట్టింది. కాటా అంటే పొడుగాటి కర్ర. ఒక కొసన కొక్కెం, కర్ర మీద తాడుతో వేలాడే ఇనుప గుండు. బుట్టను కొక్కేనికి తగిలించి గుండును జరుపుతూ పోవాలి. కర్ర ఎటూ వాలకుండా నిలిచిన చోట ఆపి, అక్కడి ఇత్తడి చుక్క చదవాలి. మొలకలకు అంటుకున్న తడిమన్నును ఆమె గోటితో గీరి చూసి తరుగు తీసేది. ఒకసారి మొగుడు తెచ్చిన బుట్టకూ తీసింది. ఆయన కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆ తర్వాత మొలకలు కడుక్కుని తేవడం మొదలుపెట్టాడు. ఊరు ఆమెకు "ఇనుపగుండు" అని పేరు పెట్టింది.

ఇప్పుడు మొగుడు లేడు. కొనుగోలు కేంద్రం మూతపడి, దాని గదిలో ఎవరో కోళ్లు పెంచుతున్నారు. కొడుకు హైలియాంగ్ నింగ్‌బో రేవులో క్రేన్ నడుపుతూ నెలకోసారి ఇంటికొస్తాడు. ఒకే వాకిలికి అటు పక్క కోడలు వాంచియు, ఇటు పక్క లింగ్‌షియన్ ఉంటారు. మధ్యలో తిరుగుతూ ఉండాల్సిన మనిషి మనవరాలు సున్‌సున్. మొలకల కాలంలో పుట్టింది కనక మొలక అనే పేరే పెట్టారు. ఐదేళ్ల పిల్ల. అయితే ఏడాదిగా ఆ పిల్ల ఇటు రావడం తగ్గిపోయింది. దానికి కారణం పోయిన ఏటి లీషియా.

లీషియా అంటే వేసవి అడుగుపెట్టే రోజు. ఆ రోజు ఊరంతా పూర్వీకుల మందిరంలో చేరుతుంది. పెద్ద కాటాను దూలానికి వేలాడదీసి, పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా అందరినీ జిన్‌ల లెక్కన తూస్తారు, జిన్ అంటే అరకిలో. ఎండలకు మనిషి చిక్కిపోకూడదనే ఇదంతా. తూచే మనిషికి మూడు కట్టుబాట్లు. గుండు ఎప్పుడూ లోపలి నుంచి బయటికే జరగాలి, అంటే తక్కువ నుంచి ఎక్కువకు. లోపలికి జరిపితే మనిషి ఒళ్లు తగ్గమని చెప్పినట్టే. చివరి అంకె తొమ్మిది మీద ఆగితే అక్కడ వదలకూడదు. అలా వదిలితే ఎదుగుదల అక్కడితో ఆగుతుందంటారు, అందుకని ఒక మెట్టు ముందుకు నెట్టాలి. మూడోది, చదివిన ప్రతి అంకె వెనకా ఒక మంచి మాట చెప్పాలి.

ఆ పని ఎన్నో ఏళ్లుగా ఫూగెన్ చేసేవాడు. లింగ్‌షియన్ మొగుడికి వరసకు అన్న, పళ్లు ఊడినా మాట ఊడని మనిషి. ఆడపిల్లని తూస్తే, "వంద దాటావు, ఇక పెళ్లివారి చెప్పులు నీ గడప దగ్గరే అరుగుతాయి" అనేవాడు. ముసలమ్మని తూస్తే, "ఈ బరువు ఇంకో ముప్పై ఏళ్లు మోయొచ్చు" అనేవాడు. పోయినేడు ఆయన భుజం పట్టేసింది. గుండు తాడు తెచ్చి లింగ్‌షియన్ చేతిలో పెట్టాడు.

ఆమె తూచింది. "అరవై రెండు. తర్వాత." "తొంభై ఏడు. తర్వాత." మంచి మాట ఏదని అడిగితే, అంకె మంచిదేగా అంది. జనం నవ్వుకున్నారు, ఆ పొడి మాటలే ఆ పూటకు వినోదమయ్యాయి. చివరగా సున్‌సున్‌ని బుట్టలో కూచోబెట్టారు. ఆ పిల్ల ముందు నుంచీ పీలగా ఉండేది. లింగ్‌షియన్ గుండును ముప్పై జిన్‌ల దగ్గర పెట్టింది. కేంద్రంలో అన్నేళ్లలో ఏనాడూ ఎవరికీ అలా పెట్టలేదు. కళ్లకు కనబడిన బరువు దగ్గర కాక, మనసు కోరిన బరువు దగ్గర పెట్టింది. కర్ర అవతలి కొస ధబాలున కిందికి వాలింది. అప్పుడు చెయ్యి తనకు తెలిసిన పనే చేసింది. గుండును లోపలికి జరిపి, సమం చేసి, చుక్క చదివింది. "ఇరవై ఎనిమిది."

మందిరంలో ఎవరూ నవ్వలేదు. వాంచియు పిల్లను బుట్టలోంచి ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది.

ఆ వేసవిలో సున్‌సున్‌కి అన్నం సయించలేదు. జ్వరం పట్టుకుంది. జిల్లా ఆసుపత్రిలో ఉంచారు. పిల్ల కోలుకునేసరికి వరి కోతలు వచ్చాయి. గుండు జరిపితే పిల్లకు జబ్బు చేస్తుందని లింగ్‌షియన్ నమ్మే మనిషి కాదు. నమ్మదు గాని, ఆ ఎండాకాలమంతా పని మధ్యలో ఆగి తన కుడిచేతిని చూసుకునేది. వాంచియు పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బదులు చెప్పే వీలుండేది. ఆసుపత్రి నుంచి వచ్చాక తన వైపు వేరే పొయ్యి పెట్టుకుంది. టీ ఆకు కోతకు వెళ్లేటప్పుడు పిల్లను ఎదురింటి ఆశియాంగ్ దగ్గర వదలడం మొదలుపెట్టింది.

ఈ ఏడు లీషియాకు ముందు రోజు ఆ ఆశియాంగే వచ్చి చెప్పింది. "రేపు పన్నెండింటి బస్సుకి మీ కోడలు పిల్లని తీసుకుని పుట్టింటికి పోతోందంట. అక్కడే తూపిస్తుందంట."

"తూపించనీ," అంది లింగ్‌షియన్. "అక్కడా కాటాలుంటాయి."

"కాటాలుంటాయి వదినా. నానమ్మ ఉండదు."

ఆశియాంగ్ వెళ్లాక లింగ్‌షియన్ రంగు దారాలు తీసి గుడ్డు పట్టే చిన్న వల అల్లడానికి కూచుంది. లీషియా రోజు పిల్లల మెడలో ఆ వలలో ఉడికిన గుడ్డు వేలాడాలి. గుడ్డు గుండె ఆకారంలో ఉంటుంది, తింటే గుండెకు ఊత అని. ఆమెకు అల్లిక రాదు. ముడులన్నీ బస్తా మూతికి వేసినట్టు పడ్డాయి.

పొద్దున్నే టీ ఆకులు, ఉప్పు వేసి కుండెడు గుడ్లు ఉడకబెట్టింది. ఇంట్లో ఒక్కతే మనిషి. అన్ని గుడ్లెందుకో తనకే తెలియదు. ఒకటి వలలో పెట్టి జేబులో వేసుకుంది. తక్కినవి బుట్టలోకి తీస్తుండగా గుమ్మం దగ్గర వెలుతురు తగ్గింది.

"నానమ్మా, గుడ్లా?"

సున్‌సున్ కొత్త గౌను వేసుకుని, గడప మీద చక్కగా కూచుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుంది.

"లే," అంది లింగ్‌షియన్. గొంతు తను అనుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. "ఇవాళ గడప మీద కూచోకూడదు."

"ఎందుకు?"

"కూచుంటే ఏడాదంతా కాళ్లీడుస్తావు."

"కూచున్నాగా మరి."

ఎదురింట్లో చిక్కుళ్లు ఒలుస్తున్న ఆశియాంగ్ మెడ చాచి చూసింది. "అయిపోయింది. లీషియా నాడు గడపెక్కి కూచుంది మహారాణి. ఎవరి గడప? ఇనుపగుండు గడపే."

అప్పుడే వాంచియు సంచి భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చింది. పిల్లను చూసింది, గడపను చూసింది, అత్తను చూసింది. ముఖంలో ఏమీ కదల్లేదు. పోయినేడు తన చెయ్యి, ఈ ఏడు తన గడప. ఇక ఈ పిల్ల ఈ వైపు తొంగి చూడదనుకుంది లింగ్‌షియన్.

"నేను పిలవలేదు," అంది.

"పిలిచారని నేనన్నానా అత్తయ్యా," అంది వాంచియు.

"అత్తాకోడళ్లు తర్వాత తేల్చుకోండి," అంది ఆశియాంగ్. "దీనికి విరుగుడుంది. ఒక గడప మీద కూచున్న పిల్ల ఇంకో ఆరు గడపల మీద కూచుంటే చెల్లు. మా చెల్లెలు అలాగే తిరిగింది. ఇప్పుడు చూడు, తలుపులో పట్టదు."

వాంచియు ఎండ వైపు చూసి పొద్దెంతయిందో అంచనా వేసుకుంది. "బస్సుంది."

"ఊరెంతని? నువ్వు సంచి దించేలోపు అయిపోతుంది. ఎలాగూ తిరుగుతున్నారు గనక గిన్నె కూడా పట్టుకెళ్లండి. ఇంటికో గుప్పెడు చిక్కుళ్లు అడుక్కోండి. ఏడిళ్ల చిక్కుళ్లతో వండిన అన్నం తింటే ఎండ ఏం చెయ్యదు. చిక్కుడు తిన్నవాళ్లు చిక్కరు."

"నేను తీసుకెళ్తా," అంది లింగ్‌షియన్.

"వద్దు, నేను తీసుకెళ్తాను," అంది వాంచియు.

సున్‌సున్ లేచి గౌను దులుపుకుంది. "ఇద్దరూ రండి. గిన్నె ఒకళ్లు పట్టుకోవాలి, నన్నొకళ్లు పట్టుకోవాలి."

అలా ముగ్గురూ బయల్దేరారు. వాంచియు సంచి దించలేదు. లింగ్‌షియన్ ఒక చేత గిన్నె, ఇంకో చేత గుడ్ల బుట్ట పట్టుకుంది.

రెండో గడప ఆశియాంగ్‌దే. పిల్ల కూచుంది, లేచింది. ఆశియాంగ్ గుప్పెడు చిక్కుళ్లు గిన్నెలో పోసింది. లింగ్‌షియన్ బుట్టలోంచి ఒక గుడ్డు తీసి చాపింది.

"ఇదేంటి?"

"ఊరికే ఎలా తీసుకోను?"

"అడుక్కోవడానికొచ్చి బేరం పెడతావేంటి వదినా? ఇది అడుక్కునే అన్నం. కొన్న చిక్కుళ్లు పనిచెయ్యవు. గుడ్డు లోపల పెట్టు."

లింగ్‌షియన్ గుడ్డు లోపల పెట్టింది గాని ఆమెకు మనసొప్పలేదు. ఎవరి దగ్గరా చెంచాడు ఉప్పు కూడా బదులు తెచ్చుకోని మనిషి. అడగడం ఎలాగో నోటికి తెలియదు. మూడో గడప దగ్గర అది బయటపడింది. అది వడ్రంగి జిన్‌హాయ్ ఇల్లు. ఆమె గిన్నె పట్టుకుని బిగుసుకుని నిలబడిపోయింది. పిల్ల కూచుంది. జిన్‌హాయ్ ఉలి పక్కన పెట్టి చూశాడు.

చివరికి వాంచియు అడిగింది. "బాబాయ్, పిల్ల గడప మీద కూచుంది. గుప్పెడు చిక్కుళ్లు పెట్టండి."

"పెడతా," అన్నాడు జిన్‌హాయ్. "మీ అత్తగారు వీటికి కూడా మన్ను తరుగు తీస్తుందా? మా అన్న బుట్టకి తీసిన తరుగు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం."

"ఒలిచినవి పెడితే తియ్యను," అంది లింగ్‌షియన్.

జిన్‌హాయ్ నవ్వుతూ లోపలికెళ్లి, కావాలనే సగం పొట్టుతోనే తెచ్చి పోశాడు. ఆమె గుడ్డు తియ్యబోతే, "నువ్వు ఎవరికీ బాకీ ఉండలేవు గదా, ఈసారికి ఉండు" అన్నాడు. వాంచియు తల పక్కకు తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికేమో లింగ్‌షియన్‌కి తెలియలేదు.

నాలుగో ఇంటికి వెళ్లే దారి మెట్ల దారి. సున్‌సున్ ముందు పరిగెత్తింది. వెళ్తూ ఎవరో నేర్పిన పాఠం గొణుక్కుంటోంది. "గుడ్డు గుండెకి, బఠానీ కళ్లకి, వెదురు మొలక కాళ్లకి..." ఇద్దరు ఆడవాళ్లూ వెనక పడ్డారు. ఏడాదిలో వాళ్లిద్దరూ పక్కపక్కన నడవడం అదే మొదలు.

"ఆసుపత్రిలో డాక్టరు పేగులో పుండని చెప్పాడు," అంది వాంచియు, ముందుకే చూస్తూ.

"తెలుసు. హైలియాంగ్ చెప్పాడు."

"మీ గుండు వల్ల కాదని నాకూ తెలుసు."

లింగ్‌షియన్ రెండు మెట్లు దిగేదాకా ఆగింది. "మరి?"

"తెలిస్తే మాత్రం ఏమైంది అత్తయ్యా? ఆ కర్ర వాలడం నా కళ్లలోంచి పోలేదు. వాలింది, సరే. మీ నోట ఒక్క మాట రాలేదు. సరిచేసి చదివారు, అంతే. మొలకల బుట్టకి చదివినట్టు చదివారు."

"ఇరవై ఎనిమిదే ఉంది."

"ఉంది. ఉంటే?"

లింగ్‌షియన్ గిన్నెలో చిక్కుళ్లు పడిపోకుండా బొటనవేలితో అదిమి పట్టుకుని నడిచింది. ఇంకో నాలుగు మెట్లు దిగి అంది, "ముప్పై ఉంటుందనుకున్నా. అందుకే అక్కడ పెట్టా."

వాంచియు ఆగి ఆమె వైపు చూసింది. "ఉండదని మీకు తెలుసు. చూపుతోనే చెప్పేస్తారు మీరు."

"తెలుసు. అయినా పెట్టా."

వాంచియు అత్త చేతిలోంచి గిన్నె తీసుకుంది. బుట్టా గిన్నే రెండూ మోస్తున్నారు కదా అని కావచ్చు.

నాలుగో గడప దర్జీ ముసలమ్మది. ఐదోది కొట్టు వాళ్లది. కొట్టతను చిక్కుళ్లతో పాటు గుప్పెడు బంక బియ్యం కూడా పోశాడు. గుడ్డు ఎవరూ తీసుకోలేదు. ఆరోది బాతులు మేపే దంపతులది. వాళ్ల ఇంటి నిండా గుడ్లే, చూపించే ధైర్యం కూడా లింగ్‌షియన్ చెయ్యలేదు. అక్కణ్నుంచి చూస్తే ఊళ్లో తక్కిన తలుపులన్నీ గొళ్లెం పెట్టి ఉన్నాయి. జనమంతా మందిరానికి వెళ్లిపోయారు.

"ఇంకొకటే కదా," అంది సున్‌సున్. "మన వంటింటి గడప ఉందిగా అమ్మా. అక్కడ కూచుంటా. అది మనిల్లు, ఇందాకటిది నానమ్మిల్లు. రెండూ వేరే కదా?"

పిల్ల అడిగింది లెక్క కోసమే. అవునంటే పని అయిపోతుంది, బస్సు అందుతుంది. లింగ్‌షియన్ గుడ్ల మీది గుడ్డ సర్దుతున్నట్టు తల వంచుకుంది. రెండు పొయ్యిలంటే రెండిళ్లే. తూనిక మనిషిగా తనైనా అలాగే చెప్పాలి.

వాంచియు సంచిని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"కాదు," అంది. "ఒకటే ఇల్లు. లెక్కలోకి రాదు."

"మరి ఏడోది?"

"పద. మందిరానికీ గడప ఉంది. అది తాతముత్తాతల ఇల్లు."

మందిరం గడప పిల్ల మోకాలు దాటి ఎత్తు. సున్‌సున్‌ని ఎత్తి కూచోబెట్టాల్సి వచ్చింది. పిల్ల కాళ్లు ఊపుతూ లోపలికి తిరిగి చూసింది. దూలానికి కాటా వేలాడుతోంది. బుట్టలో జిన్‌హాయ్ పెళ్లాం ముడుచుకుని కూచుంది, భుజం కుదుటపడ్డ ఫూగెన్ గుండు జరుపుతూ ఏదో అంటుంటే జనం నవ్వుతున్నారు. ఆమె దిగగానే అందరూ గుమ్మం వైపు తిరిగారు. నవ్వు ఆగింది.

"మన మొలక," అన్నాడు ఫూగెన్. "గడప మీద కూచున్నావేంటే?"

"ఇది ఏడోది తాతయ్యా. అయిపోయింది." పిల్ల గడప మీంచి లోపలి వైపుకు జారింది. "నన్ను తూచరా?"

ఫూగెన్ వాంచియు వైపు చూశాడు. అందరూ అటే చూశారు. లోయ కింది నుంచి బస్సు హారన్ వినిపించింది. రోడ్డు మలుపు దగ్గర డ్రైవరు ఎప్పుడూ రెండుసార్లు కొడతాడు. ఇవాళా రెండుసార్లు కొట్టాడు. వాంచియు భుజం మీది సంచి తీసి స్తంభం పక్కన పెట్టింది.

"తూచండి," అంది.

ఫూగెన్ తాడు అందుకోబోయాడు.

"మీరు కాదు పెదమామయ్యా. అత్తయ్య తూచాలి."

లింగ్‌షియన్ గుమ్మం బయటే ఉండిపోయింది. "నేను తూచను. నా చెయ్యి మంచిది కాదు."

"ఒక గడప మీద కూచున్న పిల్లే కదా ఏడు గడపలూ కూచుంది," అంది వాంచియు. "వేరే పిల్లని కూచోబెట్టలేదుగా. లోపలికి జరిపిన చెయ్యే బయటికి జరపాలి."

ఫూగెన్ తాడు వదిలి పక్కకు జరిగాడు. "కోడలు చెప్పాక ఇంకేముంది. రా."

ఆమె గడప దాటింది. గుడ్ల బుట్ట కింద పెట్టి చేతులు చొక్కాకు తుడుచుకుంది. పిల్లను బుట్టలో కూచోబెట్టి, తాళ్లు సరిచూసి, గుండును బాగా లోపలికి, కోడిని తూచే చోట పెట్టింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె పట్టించుకోలేదు. అక్కణ్నుంచి ఒక్కో చుక్కే బయటికి జరుపుతూ పోయింది. అంత నెమ్మదిగా ఆమె ఎన్నడూ తూచలేదు. పది దాటింది, ఇరవై దాటింది. పోయినేటి చుక్క దగ్గరికి వచ్చేసరికి జనం కాటా దగ్గరికి జరిగారు. కర్ర కొస ఇంకా పైకే ఉంది. ఆ చుక్క దాటింది. తర్వాతి చుక్క మీద కర్ర తిన్నగా నిలిచింది.

ఇరవై తొమ్మిది.

పెరిగింది. అయితే తొమ్మిది. అక్కడ వదలడానికి వీల్లేదు. ఒక మెట్టు బయటికి నెట్టి ముప్పై అని చదవాలి. ఫూగెన్ అయితే చిటికెన వేలితో కర్ర కొసను పట్టుకుని, నవ్విస్తూ నెట్టేసేవాడు. కానీ గుండు దగ్గరున్నది లింగ్‌షియన్. లేని బరువు ఉందని ఆమె నోట ఆ ఊరు ఎన్నడూ వినలేదు. సొంత మొగుడికే చెప్పలేదు.

"నెట్టు," అన్నాడు ఫూగెన్ మెల్లగా. "అందరికీ తెలిసిన అబద్ధం అబద్ధం కాదు."

లింగ్‌షియన్ గుండును ముప్పై చుక్క మీదికి జరిపింది. కర్ర కొస కిందికి వాలబోయింది. ఎడమ అరచేత్తో దాన్ని కింద నుంచి పట్టుకుంది. పోయినేడు వాలిన కర్రే అది. కుడి చెయ్యి గుండు మీద ఉంది. తర్వాత గుండును వదిలి, వంగి, కింద ఉన్న బుట్టలోంచి ఒక గుడ్డు తీసింది. పిల్ల ఒళ్లో పెట్టింది. ఇంకొకటి పెట్టింది. ఇంకొకటి.

"ఇదెక్కడి పద్ధతి?" అంది ఆశియాంగ్.

"గుండు బయటికే పోయింది," అంది లింగ్‌షియన్, వెనక్కి చూడకుండా. "ఇక కాటా సంగతి నేను చూసుకుంటా."

సున్‌సున్ గౌను ఒడిగా పట్టింది. ఊళ్లో ఎవరూ పుచ్చుకోని గుడ్లన్నీ ఒకటొకటిగా అందులో చేరాయి. ఎడమ అరచేతి మీద కర్ర తేలికవుతూ వచ్చింది. చివరి గుడ్డు కూడా అయిపోయింది. ఆమె చెయ్యి కొంచెం కిందికి దించి చూసింది. కర్ర ఇంకా ఒక పిసరు వాలింది. గుడ్ల బుట్ట ఖాళీ.

అప్పుడామె జేబులోంచి రంగు దారాల వల తీసింది. అందులో గుడ్డుంది. ఆ ముడులు చూసి ఎవరైనా నవ్వుతారని మూసిన పిడికిట్లోనే పట్టుకుంది. వాంచియు ముందుకొచ్చి ఆ పిడికిలి విప్పింది. వలను పైకెత్తి చూసింది.

"మీరే అల్లారా?"

"బస్తా ముడి. ఊడదు."

"తెలుస్తోంది," అని వాంచియు వలను పిల్ల మెడలో వేసింది. లింగ్‌షియన్ కర్ర కింది నుంచి చెయ్యి తీసేసింది. కర్ర ఒకసారి ఊగి నిలిచింది.

"ముప్పై," అంది లింగ్‌షియన్. "గుడ్లతో కలిపి."

ఇక మందిరంలో నవ్వు ఆగలేదు. జిన్‌హాయ్ అయితే స్తంభం పట్టుకుని నవ్వాడు. "తరుగు తీసే మనిషి మొగ్గు వేసింది, రాసి పెట్టుకోండి," అన్నాడు. ఫూగెన్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "ఉండండి. మంచి మాట ఇంకా రాలేదు. ఈసారి తప్పించుకోనివ్వను."

లింగ్‌షియన్ పిల్ల వైపు చూసింది. బుట్టలో మోకాళ్లు ముడుచుకుని, ఒడి నిండా గుడ్లతో, మెడలో ఆ వికారమైన వలతో కూచుని ఉంది సున్‌సున్. పెద్దింటి సంబంధాలు, నూరేళ్ల ఆయుష్షులు ఆమె నోటికి రావు. బుట్ట అంచు మీద చెయ్యి వేసింది.

"వచ్చే ఏటికి ఈ బుట్ట పట్టదు," అంది.

ఎవరూ నవ్వలేదు. ఫూగెన్ తల ఊపాడు. వాంచియు స్తంభం దగ్గరికెళ్లి సంచి సర్దుతున్నట్టు కాసేపు అటు తిరిగి నిలబడింది.

"నానమ్మా," అంది సున్‌సున్ బుట్టలోంచి, "ఒక గుడ్డు తింటే బరువు తగ్గిపోతుందా?"

"తగ్గదు. ఒళ్లో ఉన్నా పొట్టలో ఉన్నా కాటాకి ఒకటే."

పిల్ల అక్కడే గుడ్డు కొట్టి పెంకు ఒలవడం మొదలుపెట్టింది. పెంకు ముక్కలు కింద పడుతుంటే లింగ్‌షియన్ కళ్లు అలవాటుగా కర్ర మీదికి పోయాయి. పెంకు రాలిన మేరకు అది నిజంగానే ఒక వెంట్రుక వాసి కదిలింది. ఆమె చూసింది. ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి ఎండ వాకిట్లోకి దిగింది. వాంచియు చిక్కుళ్ల గిన్నె పట్టుకుని తన వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగింది.

"మీ పొయ్యిలో నిప్పు ఇంకా ఉందా అత్తయ్యా?"

"గుడ్లు ఉడకేసిన నిప్పుంది."

"అయితే అక్కడే పెడదాం. నా పొయ్యి ఇప్పుడు ఎవరు రాజెయ్యాలి." సంచి తెచ్చి లింగ్‌షియన్ గుమ్మం లోపల పెట్టింది. "సాయంత్రం బస్సుకి వెళ్తాం. మా అమ్మ ఎదురుచూస్తుంటుంది. ఈ అన్నం ఆమెకి కూడా కొంచెం డబ్బాలో పెట్టండి."

"కొంచెమంటే ఎంత?" అంది లింగ్‌షియన్.

"మీ చేతికి వచ్చినంత," అంది వాంచియు. పిల్ల మళ్లీ గడప మీద కూచోబోతుంటే రెక్క పట్టుకుని లోపలికి లాగింది.